షెడ్డు గోడ మీద ముఖం బొమ్మ: చూడంగనే తెలిసే లెక్క



షెడ్డులో మనం రోజూ వేడి, తేమ, రోగం పురుగుల లెక్క రాస్తం. కానీ అది అందరూ చదవలేరు. మా షోలాపూర్ పూర్వభాగ్ నేత ఇండ్లల్ల పెద్దోళ్లు తెలుగు చదువుతరు, పిల్లలు మరాఠీ బడిల చదివిండ్రు. ఆకు వేసే కూలోళ్లల్ల కొందరికి అక్షరాలే రావు. పొద్దున ఒక అరలో పాలరోగం కనబడ్డ సంగతి రాత్రి ఆకు వేసేటోళ్లకు తెల్వకుంటే, తెల్లారేసరికి పక్క అరలకూ పాకుతది.

దీనికి ముఖం బొమ్మ పనికొస్తది. 1973లో హెర్మన్ చెర్నాఫ్ అనే అమెరికా గణాంక శాస్త్రవేత్త ఈ పద్ధతి చెప్పిండు. ఒక్కో అంకెను ముఖంలో ఒక్కో భాగానికి ఇస్తరు. అంకె మారితే కన్ను, నోరు, కనుబొమ్మ మారుతయి. అట్ల ఒకే ముఖంలో 18 లెక్కల దాకా చూపొచ్చన్నడు. మనిషి ముఖంలో చిన్న మార్పునైనా మనం ఇట్టే పట్టేస్తం కదా, అదే దీని కిటుకు.

మన షెడ్డుకు మూడు చాలు:

1. నోరు – రోగం పురుగులు. లేకుంటే నవ్వు, ఒకటి రెండు ఉంటే అడ్డగీత, ఎక్కువైతే కిందికి వంగిన నోరు.
2. కళ్లు – వేడి. సరిగ్గ ఉంటే మామూలు కళ్లు, ఎక్కువైతే పెద్ద కళ్లు, తక్కువైతే మూసిన కళ్లు.
3. కనుబొమ్మలు – తేమ. ఎక్కువైతే పైకి, తక్కువైతే కిందికి.

నోటికి రోగాన్నే ఎందుకు ఇచ్చినమంటే, చూపు ముందు నోటి మీద, కళ్ల మీదనే పడుతది. ఏ లెక్కను ఏ భాగానికి ఇచ్చినమన్న దాన్ని బట్టి చూసేటోళ్ల తప్పులు పెరుగుతయి, తగ్గుతయి అని 1975లో చెర్నాఫ్, రిజ్వీ చేసిన పరీక్షలో తేలింది. అందుకే ఒకసారి పెట్టుకున్న గుర్తులు పంట నడుమ మార్చొద్దు.

ఇంకోటి. చాకీ పురుగులకు 27 డిగ్రీల దగ్గర వేడి, 80 శాతం పైన తేమ మంచిది. ఐదో దశకు 24 డిగ్రీల దగ్గర, 70 శాతం తేమ చాలు. అంటే చాకీలో నవ్వే ముఖానికి ఉన్న కళ్లు, కనుబొమ్మలు అదే వేడికి, అదే తేమకు ఐదో దశలో మారాలె. దశ మారంగనే కొలత మార్చుకోండి.

ముఖం హెచ్చరిక మాత్రమే, కొలత కాదు. కింద అంకె కూడా రాయండి. గూళ్ల తూకం, ధర, అప్పు లెక్క ముఖాలతోని చూపొద్దు, అక్కడ పైసా పైసా అంకెలోనే ఉండాలె.

వచ్చే పంటకు ఒక సుద్దముక్క, ఒక నల్లబల్ల చాలు. గీసే పని కూలోళ్లకే ఇయ్యండి, గీసినోళ్లకు గుర్తుంటది.