కులగణన చేసిన బడి, తన లెక్క చెప్పదా?

కామారెడ్డి పేరు తెలంగాణ సామాజిక న్యాయ చర్చలో 2023 నవంబర్ 10న స్థిరపడింది. ఆ రోజు కాంగ్రెస్ పార్టీ బీసీ డిక్లరేషన్ ప్రకటించింది ఇక్కడే. మరుసటి ఏడాది నవంబర్‌లో రాష్ట్రమంతటా ఇంటింటి సర్వే మొదలైంది. కులం అడిగి రాసుకున్న ఎన్యూమరేటర్లలో వేలాది మంది ప్రాథమిక పాఠశాలల టీచర్లే. ఆ రోజుల్లో పిల్లలకు ఒంటిపూట బడి నడిచింది. ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతమని తేలింది. ఊరి కులాల లెక్క తీసిన బడి తన నాలుగు గోడల మధ్య లెక్కను ఎప్పుడు చెబుతుందన్నది నా ప్రశ్న.

బడి మారుతున్నదన్న మాట నిజమే. 26,065 సర్కారు బడుల కోసం 2022లో 'మన ఊరు-మన బడి' మొదలైంది. డిజిటల్ తరగతులు, ముఖ గుర్తింపు హాజరు, యాప్‌లో భోజనాల నమోదు వచ్చాయి. వీటిని నేను వ్యతిరేకించను. మా పిల్లలకు పలక చాలు, తెర ఎందుకన్న వాళ్లను ఈ సమాజం చాలాకాలం చూసింది. అయితే ఆ తెర ఎవరి ఇంటిదాకా చేరుతుందో కరోనా కాలం చూపించింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్‌ల ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తండ్రి వెంట కూలికి పోతే, ఆ బిడ్డకు ఆనాటి పాఠం లేనట్టే. ఇంట్లో లంబాడీ మాట్లాడే తండా బిడ్డకు తెలుగు, ఇంగ్లిష్ రెండూ బడిలో ఎదురయ్యే కొత్త భాషలు. ఎంత పెద్ద తెర పెట్టినా, ఆ రెంటి మధ్య వంతెన కట్టేది టీచరే.

యంత్రానికి కులం తెలియదన్న వాదన ఒకటి వినిపిస్తుంది. తెలుసు. యూడైస్‌లో ప్రతి విద్యార్థి సామాజిక వర్గం నమోదవుతుంది. చేర్చుకునేటప్పుడు అడిగిన కులాన్ని, బడి మానేసినప్పుడు ఊరి ముందు ఎవరూ చదవరు. ఏ వాడ పిల్లల హాజరు పత్తి ఏరే రోజుల్లో పడిపోతున్నదో, ఏ తండా ఆడపిల్లలు పదో తరగతికి ముందే ఆగిపోతున్నారో చెప్పలేని సాంకేతికత సగం పనే చేసినట్టు.

భద్రత మాటకు వద్దాం. 2025 ఆగస్టు చివరి వారంలో కుండపోత వాన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలను ముంచెత్తింది. 44వ జాతీయ రహదారిపై రాకపోకలు ఆగాయి, రైలు కట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారికే ఆ గతి పడితే, వాగు దాటి బడికొచ్చే తండా పిల్లల దారి మాటేమిటి? బడి గేటు దగ్గర సీసీ కెమెరా పెడితే భద్రత పూర్తయినట్టు కాదు. అది ఇంటి గడప దగ్గర మొదలుకావాలి.

భద్రతకు ఇంకో అర్థమూ ఉంది. 1848లో పుణేలో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి నడిచివెళ్లిన సావిత్రిబాయి ఫూలేపై పేడ, బురద విసిరారు. సతారా బడిలో బాల అంబేడ్కర్ తాను తెచ్చుకున్న గోనెపట్టాపై వేరుగా కూర్చున్నాడు. నౌకరు రాని రోజు ఆయనకు మంచినీళ్లు లేవు. నేటి అవమానాలు అంత బాహాటంగా ఉండకపోవచ్చు. పేరు బదులు స్కాలర్‌షిప్ వర్గంతో పిలవడం, ఊడ్చే పని ఎప్పుడూ కొందరికే అప్పజెప్పడం ఏ కెమెరాలోనూ నేరంగా నమోదు కావు. బలహీన వర్గాల పిల్లలపై వివక్ష లేకుండా చూడటం ప్రభుత్వ బాధ్యత అని 2009 విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెబుతోంది.

ఆ చట్టమే సమాజానికీ చోటిచ్చింది. 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలి, సగం మంది మహిళలుండాలి, అణగారిన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలి. 2024లో మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. తల్లుల చేతికి బడి రావడం మంచి మలుపు. ఆ తల్లులు ఊరి నడిమి వీధి వారేనా, వాడ నుంచీ తండా నుంచీ వచ్చినవారా అన్నదే పరీక్ష. మధ్యాహ్న భోజనం వండేవారి నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. ఆ ఆదేశం తమ బడి వంటగదిలో అమలవుతున్నదా అని అడిగే హక్కు కమిటీకి ఉంది.

అందుకే జిల్లా విద్యాశాఖను నేను కోరేది కొత్త పథకం కాదు. కమిటీ సభ్యుల జాబితాను, వారి సామాజిక వర్గాలతో సహా, బడి గోడపై రాయండి. పిల్లల పేర్లు లేకుండా, వర్గాల వారీగా హాజరును, బడి మానేసినవారి సంఖ్యను గ్రామసభలో చదవండి. వానాకాలానికి ముందే ప్రతి తండా దారినీ తనిఖీ చేయండి. ఇవన్నీ ఇప్పుడున్న చట్టంతో, ఇప్పుడున్న ఫోన్లతో సాధ్యమే. కామారెడ్డి గడ్డ మీద వాటా అడిగిన రాజకీయం, ఆ వాటాను ఎల్లారెడ్డి తండా బడి కమిటీ నుంచే లెక్కించడం మొదలుపెట్టాలి.