పెట్రోలులో ఇథనాల్: మొక్కజొన్న, పంచదార ధరలను కదిలించేది ఏది?

2023 సెప్టెంబరు 9న ఢిల్లీలో జి-20 శిఖరాగ్ర సమావేశం జరుగుతుండగా ప్రపంచ జీవ ఇంధన కూటమి ఏర్పడినట్లు ప్రకటించారు. భారత్, అమెరికా, బ్రెజిల్, అర్జెంటీనా, ఇటలీ మొదలైన దేశాలు అందులో తొలి సభ్యులు. ఇటువంటి కబురు వచ్చినప్పుడల్లా బజారులో ఒకటే ప్రశ్న: సరుకు నిలవ వేసుకోవచ్చునా, అమ్ముకుని బయటపడడం మేలా?

ముందుగా ఈ కూటమి ఏమి చేయదో తెలుసుకోవాలి. అది ఒక్క బస్తా మొక్కజొన్న కొనదు. ఏ దేశానికీ కోటా ఇవ్వదు. సుంకాలను తగ్గించే అధికారం దానికి లేదు. ఇథనాల్ నాణ్యతకు అందరూ ఒప్పుకునే ప్రమాణాలు, సాంకేతిక సహకారం, ఒకరి అనుభవం మరొకరికి అందించడం ఇవే దాని పనులు. ప్రపంచ ఇథనాల్ ఉత్పత్తిలో దాదాపు 85 శాతం అమెరికా, బ్రెజిల్, భారత్‌లదే అని అప్పుడు ఘనంగా చెప్పుకున్నారు గాని, అందులో మన వంతు సుమారు 3 శాతం మాత్రమే.

అలాగని ప్రమాణాల సంగతి తీసిపారవేయదగినది కాదు. మిరపకాయలకైనా, మొక్కజొన్నకైనా తేమ ఎంతో తేలనిదే బేరం కుదరదు. ఇథనాల్‌కూ అంతే. 2007 మార్చి 9న అమెరికా, బ్రెజిల్ ప్రభుత్వాలు జీవ ఇంధనాలపై సహకార పత్రం మీద సంతకాలు చేశాయి. ఆ తరువాత యూరప్‌తో కలిసి నిపుణులు మూడు చోట్ల నిబంధనలను పోల్చి చూస్తే, ఇథనాల్ విషయంలో చాలావరకు పొంతన కుదిరింది. ముఖ్యమైన తేడా మిగిలింది నీటి శాతంలోనే. ఒక దేశపు సరుకు మరొక దేశంలో నేరుగా చెల్లాలంటే ఇటువంటి తేడాలు తీరవలసిందే.

అయితే నీటి శాతం గురించి మాట్లాడుకున్న ఆ ఇద్దరూ అసలు అడ్డుగోడ జోలికి పోలేదు. బ్రెజిల్ ఇథనాల్‌పై అమెరికా వేసిన గ్యాలనుకు 54 సెంట్ల సుంకం 2011 ఆఖరుకు గడువు తీరేదాకా అలాగే నిలిచింది. పిమ్మట గోడ అవతలి వైపు లేచింది. 2024లో అమెరికా ఇథనాల్‌పై బ్రెజిల్ సుంకం 18 శాతం కాగా, బ్రెజిల్ సరుకుపై అమెరికా సుంకం 2.5 శాతం. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ఈ తేడానే బహిరంగంగా ఎత్తిచూపింది. ఇద్దరూ కూటమి వ్యవస్థాపకులే! మన ప్రభుత్వం కూడా తక్కువ తినలేదు. పెట్రోలులో కలిపేందుకు విదేశీ ఇథనాల్ రాకుండా 2018లోనే ఆంక్ష పెట్టింది.

మరి ధరను కదిలించేది ఏది? పెట్రోలులో ఇంత శాతం కలపవలసిందేనని సర్కారు ఇచ్చే ఉత్తర్వు. దీనికి బ్రెజిల్ పాత ఉదాహరణ. 1973లో చమురు ధర నాలుగింతలైంది. 1974 నవంబరులో పౌనుకు 65 సెంట్ల వరకు పోయిన పంచదార ఏడాది తిరిగేసరికి 15 సెంట్ల దిగువకు జారింది. చమురు కొనలేక, పంచదార అమ్ముకోలేక బ్రెజిల్ 1975 నవంబరులో ఆల్కహాలు పథకం చేపట్టింది. పదేళ్లలో అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో అత్యధికం ఆల్కహాలుతోనే నడిచేవి. 1986లో చమురు పడిపోగా, తరువాత పంచదార పుంజుకోగా, మిల్లులు చెరుకును పంచదార వైపు మళ్లించాయి. 1989-90లో బంకులలో ఆల్కహాలు దొరకక కార్ల యజమానులు నానా అవస్థలు పడ్డారు. ఏ పాళ్లలోనైనా నడిచే కార్లు 2003లో వచ్చాకనే జనానికి మళ్లీ నమ్మకం కుదిరింది. నాటి నుంచి పంచదార వర్తకుడు ముడిచమురు ధర చూడకుండా బేరం చేయలేని స్థితి ఏర్పడింది.

మన దేశంలో 10 శాతం మిశ్రమం 2022 జూన్‌లో పూర్తయింది. 20 శాతం 2025లో అందుకున్నారు. ఈ మధ్యకాలంలో బజారు తిన్న కుదుపులను వరుసగా చూడవలసి వుంది. 2023 జూలైలో డిస్టిలరీలకు ఆహార సంస్థ బియ్యం ఆపివేశారు. అదే ఏడాది డిసెంబరు 7న చెరుకు రసం వాడరాదన్నారు. వారం దాటగానే మెత్తబడి, 17 లక్షల టన్నుల పంచదారకు సరిపడేంత వరకు అనుమతించారు. బియ్యమూ లేక, రసమూ లేక భారమంతా మొక్కజొన్నపై పడింది. 2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్ ధరను లీటరుకు రూ.5.79 పెంచి రూ.71.86 చేశారు.

లెక్క వేసి చూడండి. టన్ను మొక్కజొన్నకు సుమారు 380 లీటర్లు దిగుతుంది. అంటే రూ.27,300, క్వింటాలుకు రూ.2,730. స్పిరిట్ తీయగా మిగిలే డి.డి.జి.ఎస్. పిప్పి అమ్మకం దీనికి అదనం. అందులోంచి ఫ్యాక్టరీ ఖర్చులు పోవాలి. ఆ సీజను మద్దతు ధర రూ.2,090 మాత్రమే. కనుక డిస్టిలరీ కొనుగోలుదారు రంగంలో వున్నంతకాలం ధర దిగజారే వీలు తక్కువ. ఎగుమతిదారుగా వుండిన దేశం ఆ ఏడాది మయన్మార్, ఉక్రెయిన్ సరుకు దించుకున్నది. తక్కువ సుంకంతో 5 లక్షల టన్నుల దిగుమతికి జూన్‌లో అనుమతి ఇచ్చారు. తెలుగు రాష్ట్రాల కోళ్ల ఫారాలవారు దాణా ఖర్చు పెరిగి గగ్గోలు పెట్టారు. అదే పిప్పి చవకగా దాణాలోకి చేరడంతో సోయా పిండి గిరాకీ దెబ్బతిన్నది. ఒకే ఉత్తర్వు ఒక సరుకుకు తేజీ, మరొకదానికి మందీ తెచ్చిందన్నమాట.

ఇదంతా చూసి ఇథనాల్ వున్నంతకాలం మక్కలకు తేజీయే అనుకున్నవారు 2025లో దెబ్బతిన్నారు. ఆహార సంస్థ బియ్యం క్వింటాలు రూ.2,250కి మళ్లీ డిస్టిలరీలకు చేరింది. 2025-26 సరఫరా సంవత్సరానికి చమురు కంపెనీలు సుమారు 1,050 కోట్ల లీటర్లు అడిగితే, డిస్టిలరీలు 1,770 కోట్ల లీటర్లకు పైగా ఇవ్వజూపాయి. శాతం 20 దగ్గర ఆగింది. కొత్త డిస్టిలరీలు మాత్రం ఆగలేదు. ఆ శరదృతువులో ఖరీఫ్ సరుకు రాకలు పెరిగేసరికి, మద్దతు ధర రూ.2,400 వుండగా, పలు మార్కెట్లలో అంతకన్న తక్కువకే అమ్మకాలు జరిగాయి.

నూనెల వర్తకులకూ ఇందులో పాఠం వున్నది. ఇండోనీషియా డీజిలులో పామాయిల్ ఇంధనాన్ని 2023లో 35 శాతానికి, 2025లో 40 శాతానికి పెంచింది. 2024 ఆఖరులో పామాయిల్ సోయా నూనెను మించిన ధర పలకడానికి ఈ పెంపుపై అంచనాలూ ఒక కారణమే.

ఇథనాల్ సరఫరా సంవత్సరం నవంబరు 1న మొదలవుతుంది. చమురు కంపెనీల టెండర్లలో మొక్కజొన్న వాటా ఎంత, బియ్యం వాటా ఎంత అన్నది అంతకు ముందే తేలుతుంది. 2025-26కు మొక్కజొన్నకు దక్కినది సుమారు 46 శాతం, ఆహార సంస్థ బియ్యానికి 22 శాతం. ఖరీఫ్ మక్కలు యార్డులకు వచ్చేదీ సరిగ్గా ఆ రోజులలోనే.