అమెరికా వాడికి అమెరికా డబ్బింగ్!

హీరోకి వేరొకరు గొంతు అరువివ్వడం మన సినిమా అభిమానులకు కొత్తేం కాదు. తెలుగు ముక్క రాని తారలు మన తెరమీద గలగలా మాట్లాడేస్తుంటే ఎన్నేళ్లుగా వినడంలేదు? కానీ అమెరికాలో పుట్టిన హీరోకి, అమెరికాలో విడుదల కోసమే, ఇంగ్లీషు సినిమాలో ఇంగ్లీషు డైలాగులనే ఇంకో అమెరికా వాడిచేత డబ్బింగ్ చెప్పించారంటే నమ్ముతారా?

నమ్మాలి మరి! ఆ హీరో మెల్ గిబ్సన్. ఆ చిత్రం 'మ్యాడ్ మ్యాక్స్'. జార్జ్ మిల్లర్ దర్శకత్వంలో 1979లో ఆస్ట్రేలియాలో విడుదలై దుమ్ము రేపింది. 1980లో అమెరికాకు చేరేసరికి అక్కడి పంపిణీదారులకు గుబులు పట్టుకుంది - ఈ ఆస్ట్రేలియా యాస మనవాళ్ల చెవికి ఎక్కుతుందా అని. ఇంకేం, దాదాపు పాత్రలన్నిటికీ అమెరికన్ గొంతులు అతికించేశారు. గిబ్సన్ గొంతు కూడా ఆ లెక్కలోనే కొట్టుకుపోయింది.

తమాషా ఏమిటంటే గిబ్సన్ 1956లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన పిల్లాడు. పదకొండు మంది సంతానంలో ఆరోవాడు. 1968లో తండ్రి ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని ఆస్ట్రేలియా తరలిపోయాడు. నాయనమ్మ పుట్టిల్లు అదే. ఆవిడ అక్కడ పేరున్న ఆపెరా గాయని. అప్పటికి మన హీరోకి పన్నెండేళ్లు. ఆ వయసులో కొత్త బళ్లో వేస్తే తోటిపిల్లలు యాస పట్టుకుని ఎలా ఏడిపిస్తారో మన ఊళ్లలో బడి మారిన వాళ్లనెవర్నడిగినా చెబుతారు. తర్వాత సిడ్నీలోని నాటకకళా సంస్థ 'నైడా'లో నటన నేర్చుకున్నాడు. ఇంటి నుంచి వెళ్లి పన్నెండేళ్లు తిరిగేసరికి పుట్టిన దేశానికే ఆ కుర్రాడి మాట పరాయిదైపోయింది!

ఇదేదో సినిమా వాళ్లకే పట్టిన చిక్కు అనుకోకండి. అమెరికా నుంచి వెళ్లి ఆస్ట్రేలియాలో కాపురం పెట్టిన మామూలు మనిషి కథా కాస్త అటూ ఇటూగా ఇదే. 2010లో వచ్చిన మన 'ఆరెంజ్' చిత్రంలో సిడ్నీ అందాలు చూశారుగా? ఆ అందాల మధ్య ఉప్పూపప్పూ తెచ్చుకుని బతకబోయే అమెరికా వాడి పాట్లు వేరు. చైనా వెళ్తేనో, జపాన్ వెళ్తేనో మనిషి జాగ్రత్తగా ఉంటాడు. ఇక్కడ మన భాషేగా, మనలాంటి మనుషులేగా అని ధీమాగా దిగుతాడు. దెబ్బ తగిలేది అక్కడే.

మొదటి దెబ్బ కారు దగ్గర. అమెరికాలో బండి రోడ్డుకు కుడివైపున నడుస్తుంది, స్టీరింగ్ ఎడమవైపు. ఆస్ట్రేలియాలో మన లాగే అంతా తారుమారు. పాపం, పెద్దమనిషి తాళాలు ఊపుకుంటూ వెళ్లి దర్జాగా కూర్చుంటాడు - ఎదురుగా స్టీరింగ్ ఉండదు! సరే, అటుమారి కూర్చుని రోడ్డెక్కాడనుకోండి. మలుపు దగ్గర ఇండికేటర్ వేద్దామని మీట నొక్కితే మండుటెండలో వైపర్లు టకటకా కొట్టుకుంటాయి. అక్కడి కార్లలో ఆ మీట కూడా అటుది ఇటే మరి. ఇంతవరకూ నవ్వుకోవచ్చు. రోడ్డు దాటడం మాత్రం నవ్వులాట కాదు. చిన్నప్పట్నుంచీ ముందు ఎడమవైపు చూసి అడుగేసే అలవాటు వాళ్లది. అక్కడ బండి వచ్చేది కుడివైపు నుంచి.

ఇంటికొస్తే గోడమీద స్విచ్. అమెరికాలో పైకి నొక్కితే దీపం వెలుగుతుంది, ఇక్కడ కిందికి నొక్కితే. వెంట తెచ్చుకున్న 120 వోల్టుల మిక్సీ ఇక్కడి 230 వోల్టుల్లో పెడితే పొగే. తారీఖు రాస్తే ఇంకో గొడవ. అమెరికా వాడు ముందు నెల వేస్తాడు, ఆస్ట్రేలియా వాడు ముందు రోజు వేస్తాడు. 3/4 అంటే ఒకరికి మార్చి నాలుగు, ఇంకొకరికి ఏప్రిల్ మూడు. గమనించారా, వీటిలో ఏదీ మనకు కొత్త కాదు! ఎడమవైపు బండి, కిందికి నొక్కే స్విచ్, పెట్రోలు, బిస్కట్, క్రికెట్టు... విజయవాడ నుంచి వెళ్లిన కుర్రాడు ఈ విషయాల్లో అమెరికా వాడికంటే ముందు కుదురుకుంటాడంటే అతిశయోక్తి కాదు.

ఇక భాష. పక్కింటావిడ ఆప్యాయంగా 'శనివారం మా ఇంటికి రండి, ఓ ప్లేటు పట్టుకురండి' అంటుంది. పాపం, వాళ్లింట్లో కంచాలు తక్కువేమోనని జాలిపడి ఖాళీ ప్లేటుతో వెళ్లిన కొత్తవాళ్ల కథలు అక్కడ కోకొల్లలు. ప్లేటంటే అందులో ఓ వంటకం ఉండాలని ఆవిడ భావం! 'టీకి రమ్మన్నారు' అంటే రాత్రి భోజనం కావచ్చు. హోటల్లో 'ఆంత్రే' అంటే అమెరికాలో అసలు భోజనం, ఇక్కడ భోజనానికి ముందొచ్చే చిన్న తినుబండారం. ఆకలిమీద అదొక్కటే ఆర్డరిస్తే అంతే సంగతులు! 'థాంగ్స్ వేసుకుని వచ్చెయ్' అని ఆఫీసు మిత్రుడంటే అమెరికా వాడి మొహం ఎర్రబడుతుంది - వాళ్ల దేశంలో అది లోదుస్తు పేరు. ఇక్కడ వట్టి రబ్బరు చెప్పులు.

ముద్దుపేరు కూడా ఒకటి పెట్టారు - 'సెప్పో'. యాంక్‌కి ప్రాస ట్యాంక్, ట్యాంకంటే సెప్టిక్ ట్యాంకు, దాన్ని కురచ చేస్తే సెప్పో! ఎవరైనా మొహమ్మీద ఇలా అంటే కోపగించుకోకూడదట. అక్కడ స్నేహానికి గుర్తు కూడా వెక్కిరింతే. టాక్సీ ఒంటరిగా ఎక్కితే డ్రైవరు పక్కన ముందుసీట్లో కూర్చోవడం వాళ్ల పాత మర్యాద. వెనక కూర్చుంటే గొప్పలకు పోతున్నాడనుకుంటారు. తన గొప్ప తాను చెప్పుకోవడం అమెరికాలో ఉద్యోగం తెచ్చిపెట్టే విద్య. ఆస్ట్రేలియాలో అదే విద్య మనిషిని నలుగురిలో చులకన చేస్తుంది. నన్నడిగితే స్టీరింగ్ మార్చుకోవడం కంటే ఇది మార్చుకోవడమే కష్టం.

అన్నట్టు, వెజిమైట్ సంగతి చెప్పలేదు కదూ! 1920ల్లో మెల్‌బోర్న్‌లో పుట్టిన నల్లటి ఉప్పటి పేస్టు అది. రొట్టెమీద వెన్న రాసి, దానిమీద ఇది రాసీరాయనట్టు రాయాలి. అమెరికా వాడు వేరుశనగ వెన్నలా దట్టంగా పట్టించి కొరుకుతాడు. ఆవకాయ అలవాటు లేనివాడు చెంచాడు గుజ్జు నోట్లో వేసుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

యాసను దాచుకోకుండా దాన్నే సరుకు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. న్యూయార్క్ నుంచి 1965లో సిడ్నీ టెలివిజన్‌కు వచ్చిన డాన్ లేన్ 'పొడుగు యాంక్' అనే పేరుతోనే ఇంటింటికీ చుట్టమయ్యాడు. 1975 నుంచి 1983 దాకా ఆయన షో అక్కడ పెద్ద ఆకర్షణ. 2009లో సిడ్నీలోనే కన్నుమూశాడు.

కానీ నన్ను ఆపేసింది మార్షా హైన్స్ కథ. 1970లో బోస్టన్ నుంచి పదహారేళ్ల నల్లజాతి అమ్మాయి 'హెయిర్' అనే సంగీత నాటకంలో పాడటానికి సిడ్నీలో దిగింది. మైనరు కనక నాటకం నిర్మాతే చట్టప్రకారం సంరక్షకుడు. వచ్చాక తెలిసింది, తను తల్లి కాబోతోందని! కన్నతల్లి సముద్రానికి అవతల. వెనక్కి వెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టరు. ఉండిపోయింది. ఆ సెప్టెంబరులోనే కూతురు పుట్టింది. ఆ పాపే పెద్దయ్యాక గాయని డెనీ హైన్స్. తల్లి పాట మానలేదు. 1973లో 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్'లో మగ్దలేనా మరియగా రంగస్థలమెక్కింది. 1976, 77, 78 - వరసగా మూడేళ్లు ఆస్ట్రేలియా జనం ఆమెను 'క్వీన్ ఆఫ్ పాప్' చేశారు. 2003లో మొదలైన 'ఆస్ట్రేలియన్ ఐడల్'లో న్యాయనిర్ణేతగా కూర్చుని కొత్తపిల్లల పాటలు విన్నది కూడా ఆవిడే. చప్పట్లు సరే. అర్ధరాత్రి పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ పదహారేళ్ల పిల్ల ఎవర్ని లేపి ఉంటుంది?

దూరం అంటే అదీ. లాస్ ఏంజిలిస్ నుంచి సిడ్నీకి విమానంలో పద్నాలుగు పదిహేను గంటలు. శనివారం రాత్రి ఎక్కితే దిగేది సోమవారం పొద్దున. మధ్యలో ఆదివారం సముద్రంలో కలిసిపోతుంది. ఇవతల తెల్లవారేసరికి అవతల ఇంకా నిన్నటి మధ్యాహ్నమే. అమ్మకు జబ్బని ఫోనొస్తే, టిక్కెట్టు దొరికి, దిగి, ఆస్పత్రికి చేరేదాకా గుండె చేతిలో పట్టుకుని ఉండాలి. క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది, సముద్రపు ఒడ్డున రొయ్యలు తింటారు. నవంబరు నాలుగో గురువారం వాళ్ల థాంక్స్‌గివింగ్ పండగ. ఇక్కడ అది మామూలు పనిరోజు. టర్కీ కోడి కోసం ఊరంతా గాలించి, శనివారానికి వాయిదా వేసి, పక్కింటివాళ్లను పిలిచి, పండగెందుకో వాళ్లకు విప్పి చెప్పాలి. పరదేశంలో ఉగాది చేసుకునే మనవాళ్లకు ఈ బాధ నేను చెప్పాలా?

ఇలా పదేళ్లు గడుస్తాయి. సెలవుల్లో సొంతూరు వెళ్తాడు. తమ్ముడు విమానాశ్రయానికి కారు తెస్తాడు. మనవాడు మాట్లాడుతూ మాట్లాడుతూ వెళ్లి ఎడమ తలుపు తీసి దర్జాగా కూర్చుంటాడు - ఎదురుగా స్టీరింగ్! తమ్ముడు నవ్వి, 'అన్నయ్యా, ఏమిటా మాట తీరు? అచ్చం ఆస్ట్రేలియా వాడిలా ఉన్నావే!' అంటాడు. అదే మనిషిని సిడ్నీలో కూరగాయల కొట్టువాడు మొన్ననే అడిగాడు, 'అమెరికా నుంచి ఎప్పుడొచ్చారండీ?' అని.