మనుషుల మీదికి దూకే పుంజు: పెరటి కోళ్ల మందలో కారణాలు, యాజమాన్యం

పెరటి కోళ్ల పెంపకంపై రైతులు అడిగే ప్రశ్నలలో కొక్కెర తెగులు, మశూచి, దాణా, పిల్లల మరణాలకు సంబంధించిన వాటికి విస్తరణ సాహిత్యంలో తగినన్ని సమాధానాలు లభిస్తాయి. "పుంజు మనుషుల మీదికి దూకుతోంది, ఏం చేయాలి?" అన్న ప్రశ్నకు మాత్రం సాధారణంగా లభించేది "కోసుకుని తినండి" అన్న సమాధానం, దానితోపాటు ఒక నవ్వు. ఆ సమాధానం కొన్ని సందర్భాలలో సరైనదే. అయితే అది ఏ సందర్భంలో సరైనదో, ఏ సందర్భంలో తొందరపాటో చెప్పగలిగినప్పుడే అది శాస్త్రీయ సలహా అవుతుంది.

శ్రీ సత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న రొళ్ల మండలం తెలుగు, కన్నడ భాషలు కలిసిన ప్రాంతం. ఒక ఇంట పుంజు అయినది పక్క ఇంట హుంజ అవుతుంది. ఇటువంటి మెట్ట ప్రాంతంలో నాలుగైదు పెట్టలు, రెండు మూడు పుంజులు కలిగిన మంద ఇంటి ఆడవారి చేతి ఖర్చుకు ఆధారం. ఉదయం గంప ఎత్తేది, గూటిలో గుడ్లు తీసేది, గింజలు చల్లేది ఆడవారు, పిల్లలే కనుక పుంజు దాడికి మొదట గురయ్యేదీ వారే. మూడు నాలుగేళ్ల బిడ్డ కళ్లు, ఎగిరి తన్నే పుంజు కాళ్లు ఒకే ఎత్తున ఉంటాయి. కాలిముల్లు కంటికి తగిలితే చూపు పోయే ప్రమాదం ఉంది. పెద్దవారికి కూడా ఈ గాయం తేలికైనదని అనుకోరాదు. ఆస్ట్రేలియాలో గుడ్లు తీస్తున్న ఒక వృద్ధురాలి కాలిలో ఉబ్బిన సిరను పుంజు పొడవగా, రక్తస్రావంతో ఆమె మరణించిన ఉదంతం 2019లో వైద్య పత్రికలో నమోదైంది. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో జరిగిన మరణం వేరు. అక్కడ ప్రాణం తీసింది పుంజు కాలికి మనిషి కట్టిన కత్తి.

దాడికి మూలాలు

కోళ్లలో పెత్తనపు వరుస ఉంటుందని నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరుప్ ఎబ్బె 1920ల తొలినాళ్లలోనే వివరించాడు. మందలోని ప్రతి కోడికీ తాను ఎవరిని పొడవవచ్చో, ఎవరికి తలవంచాలో తెలుసు. పుంజు ఈడుకు వచ్చే అయిదు నుంచి ఏడు నెలల వయసులో ఈ వరుసలో తన స్థానాన్ని పరీక్షించుకుంటుంది. దీనికి చోదకం వృషణాల నుంచి వెలువడే టెస్టోస్టిరాన్. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో బెర్తోల్డ్ ఆరు పడుచు పుంజులపై చేసిన ప్రయోగం అంతఃస్రావ శాస్త్రానికి తొలిమెట్టుగా ప్రసిద్ధం. వృషణాలు తీసివేసిన పుంజులకు తురాయి పెరగలేదు, అవి కూయలేదు, కొట్లాడలేదు. వృషణాన్ని తిరిగి ఉదరంలో అమర్చిన పుంజులు మామూలు పుంజులుగానే ఎదిగాయి.

పగటి నిడివి పెరిగే కాలంలో పుంజుల దూకుడు పెరుగుతుందని పాశ్చాత్య గ్రంథాలలో కనిపిస్తుంది. రొళ్ల 14 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త దక్షిణంగా ఉంది. ఇక్కడ ఏడాదిలో అతి పెద్ద పగటికి, అతి చిన్న పగటికి మధ్య తేడా గంటన్నర పైచిలుకు మాత్రమే. కావున ఆ సూత్రాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోవడం కంటే మంద కూర్పును చూడటం ఎక్కువ ప్రయోజనకరం.

మంద కూర్పులోనే ఈ ప్రాంతపు అసలు చిక్కు ఉంది. ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. అయితే పండుగకో జాతరకో మంచి ధర వస్తుందన్న ఆశతో పెట్టలు నాలుగే ఉన్నా పుంజులను రెండు మూడు నిలుపుకోవడం పరిపాటి. అప్పుడు పెట్టల వీపుల మీద ఈకలు ఊడతాయి, పుంజుల మధ్య పోరు తెగదు, ఆ ఉద్రేకంలో దగ్గరికి వచ్చిన మనిషి కూడా పోటీదారుగానే కనిపిస్తాడు.

రెండవ కారణం పెంపకంలో ఉంది. తల్లి లేకుండా, తోటి పిల్లలు లేకుండా, ఇంటి పిల్లల చేతుల్లో ముద్దుగా పెరిగిన ఒంటరి పుంజుపిల్ల మనుషులనే తన జాతిగా నేర్చుకుంటుంది. ఈడు వచ్చాక పెత్తనం కోసం అది పోరాడేదీ మనుషులతోనే. చిన్నప్పుడు భుజమెక్కిన పుంజు పెద్దయ్యాక ముఖం మీదికి ఎగరడం కృతఘ్నత కాదు, నేర్చుకున్న పాఠానికి కొనసాగింపు.

మూడవది, దాడి ఫలించడం. పుంజు దూకుతుంది, బిడ్డ పరుగెత్తుతుంది. దూకితే ఎదుటివాడు తొలగిపోతాడని పుంజుకు అర్థమవుతుంది. కర్రతో కొట్టినప్పుడు జరిగేది మరొకటి: మనిషి పోరుకు దిగాడని గ్రహించి అది మళ్లీ తలపడుతుంది. రెండు విధాలా అలవాటు బలపడుతుంది.

జాతి గురించిన ఒక అపోహను ఇక్కడ తొలగించవలసి ఉంది. అసీల్ రక్తం ఉన్న పుంజు కనుక మనుషులను కొడుతోందని రైతులే కాదు, విద్యార్థులు కూడా అంటుంటారు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన మిల్‌మన్, డంకన్ 2000లో ప్రచురించిన అధ్యయనాలలో పందెపు జాతి పుంజులు సాటి పుంజుల పట్ల తీవ్రంగా ఉన్నా పెట్టల పట్ల అలా లేవు. పెట్టలను గాయపరచినవి బ్రాయిలర్ పేరెంట్ పుంజులు. అంటే దూకుడు ఒకే గుణం కాదు. పుంజు మీద చూపేది, పెట్ట మీద చూపేది, మనిషి మీద చూపేది వేర్వేరుగా పరిశీలించవలసినవి. పందెపు కోడి చాలాసార్లు యజమాని చేతిలో సాధువుగా ఉండటానికి ఇదీ, రోజూ చేతితో పట్టి మచ్చిక చేయడమూ కారణాలు కావచ్చు.

సరిదిద్దే పద్ధతి

ముందుగా పుంజును చీకటి పడ్డాక, గూటిలో ఉండగా పట్టి పరీక్షించాలి. కాళ్ల పొలుసుల కింద పురుగులు, రెక్కల కింద పేలు, పాత గాయాలు ఉంటే వాటికి చికిత్స చేయించాలి. నొప్పితో ఉన్న పక్షికి క్రమశిక్షణ నేర్పబూనడం వృథా.

తరువాత అదనపు పుంజులను వేరు చేయాలి. పెట్టలు కంటికి కనిపించని దొడ్డిలో పుంజులన్నింటినీ కలిపి ఉంచితే పోరు తగ్గుతుంది. అమ్మకానికి పెంచేవారికి ఇది అనువైన ఏర్పాటు. ఒకేచోట కుప్పగా గింజలు పోయకుండా, రెండు మూడు చోట్ల వెదజల్లడం మంచిది.

దాడి సమయంలో పెద్దవారు పరుగెత్తరాదు, వీపు చూపరాదు, తన్నరాదు. ఒక గంపనో చేటనో కాళ్లకు అడ్డుగా పట్టుకొని నిలబడి, పుంజు తగ్గిన తరువాత నెమ్మదిగా తమ పని కొనసాగించాలి. రోజుకొకసారి దానిని పట్టుకొని, రెక్కలు కదలకుండా చంకలో ఇముడ్చుకొని, బిగువు సడలే వరకు ఉంచి వదలాలి. తలను నేలకు నొక్కిపట్టమన్న సలహా వినిపిస్తుంటుంది. దానివల్ల పక్షి గాయపడవచ్చు, లొంగుతుందన్న భరోసా లేదు. ఈ సాధనను ఇంట్లో ఒక్కరే చేస్తే పుంజు వారికి మాత్రమే లొంగి, మిగతావారిని కొడుతూనే ఉంటుంది. పిల్లలను ఇందులో పాల్గొననీయరాదు. ఈ కాలమంతా వారు కోళ్లున్న పెరట్లోకి ఒంటరిగా వెళ్లరాదు.

కాలిముల్లు పైన కొమ్ము వంటి తొడుగు, లోపల రక్తనాళాలున్న ఎముక ఉంటాయి. కొనను మాత్రమే సన్నని రంపంతో కోసి ఆకురాయితో మొద్దు చేయవచ్చు. మొదలంటా కోయడం, మెలితిప్పి ఊడదీయడం రక్తస్రావానికి, నొప్పికి దారితీస్తాయి. తిరిగి తినే కోడికి ముక్కు కత్తిరించడం తగదు. వృషణాలు వెన్నెముకకు ఆనుకొని లోపల ఉంటాయి కనుక వాటిని తొలగించడం రైతు చేతి పని కానే కాదు.

మూడు నాలుగు వారాల తరువాత కూడా పుంజు మనుషుల మీదికి దూకుతుంటే, లేదా ఇంట్లో చిన్నపిల్లలుండి ఒక్కసారైనా ముఖం మీదికి ఎగిరి ఉంటే, దానిని మంద నుంచి తొలగించడమే సబబు. దూకుడుకు వంశపారంపర్యం ఉంది. గుల్, క్రెయిగ్, ముల్లర్ 1960లో ప్రచురించిన ఎంపిక ప్రయోగంలో దూకుడు ఎక్కువైన, తక్కువైన కోళ్ల వంశాలు కొద్ది తరాలలోనే వేరుపడ్డాయి. మందకు ఒకే పుంజు ఉన్నప్పుడు ప్రతి పిల్లలోనూ సగం దాని వారసత్వమే. కనుక అటువంటి పుంజును విత్తనానికి ఇచ్చిపుచ్చుకోరాదు, కూరకు వాడుకోవాలి. పందేలవారు దానికి ఎక్కువ ధర చెప్పవచ్చు. కోడి పందేలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కనుక విస్తరణ సిబ్బంది ఆ దారి సూచించరాదు.

"కొట్టే పుంజు ఉంటేనే గద్ద, ముంగిస రావు" అన్న రైతు అభ్యంతరానికి జవాబు సిద్ధంగా ఉండాలి. ఎవాన్స్, మార్లర్ తదితరులు 1993లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఆకాశం నుంచి వచ్చే శత్రువుకు, నేల మీద వచ్చే శత్రువుకు పుంజు వేర్వేరు హెచ్చరిక కూతలు వేస్తుంది. పెట్టలు ఆ కూత విని తగినట్లు దాక్కుంటాయి. మందను కాపాడేది ప్రధానంగా ఈ జాగరూకత. గింజ కనబడితే తాను తినక పెట్టలను పిలిచే పుంజు, నీడ కదిలితే కూత వేసే పుంజు, మనిషి వస్తే పక్కకు తొలగే పుంజు: బదులు తెచ్చుకునేటప్పుడు చూడవలసిన గుణాలివి. దానిని వేరే ఊరి మంద నుంచి తెస్తే అంతఃప్రజననం కూడా తగ్గుతుంది.

పుంజు చేసిన గాయం చిన్నదైనా లోతుగా దిగుతుంది. సబ్బుతో, ధారగా పారే నీటితో బాగా కడిగి, ధనుర్వాతం టీకా అవసరమేమో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అదే రోజు చూపించుకోవాలి. కంటికి తగిలితే పసరు, చనుబాలు వంటివి వేయకుండా, కన్ను నలపనీయకుండా వెంటనే కంటి వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.