గేమింగ్ కన్సోల్‌కు కాలం చెల్లిందా? అపోహలు – వాస్తవాలు

ఆటల తయారీ సంస్థ యూబీసాఫ్ట్ అధిపతి ఈవ్ గిల్మో 2018లో ఒక జోస్యం చెప్పారు. ఇంకొక్క తరం కన్సోళ్లు వస్తాయి, ఆ తర్వాత అందరం స్ట్రీమింగ్‌లోనే ఆడుకుంటాం అన్నది దాని సారాంశం. ఆయన చెప్పిన తరం 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రూపంలో వచ్చింది. ఒక్క ప్లేస్టేషన్ 5 అమ్మకాలే 2025 జూన్ చివరికి 8 కోట్లు దాటాయి. అదే నెల 5న మార్కెట్లోకి దిగిన నింటెండో స్విచ్ 2 నాలుగు రోజుల్లో 35 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. జోస్యం ఫలించకపోయినా, నెట్‌ఫ్లిక్స్ వచ్చి డీవీడీని సాగనంపినట్టే కన్సోల్‌నూ స్ట్రీమింగ్ సాగనంపుతుందన్న నమ్మకం మాత్రం పోలేదు. పిల్లలకు కన్సోల్ కొనాలా, నెల నెలా చందా కట్టాలా అని తేల్చుకోలేని ఇళ్లలో ఈ నమ్మకం వేల రూపాయల లెక్క. అందుకే దీన్ని నిదానంగా విప్పి చూడాలి.

అపోహ: సినిమాకు జరిగిందే ఆటకూ జరుగుతుంది.

తక్కిన అపోహల్లో కొన్ని ఇందులోంచి పుట్టినవే. సినిమా ముందే తయారై ఉంటుంది. మన ఫోన్ రాబోయే కొన్ని సెకన్ల బొమ్మను ముందుగానే తెచ్చి దాచుకుంటుంది కాబట్టి మధ్యలో నెట్ తడబడినా మనకు తెలియదు. ఆటలో రాబోయే దృశ్యం ఇంకా పుట్టనే లేదు. బటన్ నొక్కాకే అది పుడుతుంది. ఆ నొక్కుడు ఎక్కడో ఉన్న సర్వర్‌ను చేరాలి, సర్వర్ కొత్త దృశ్యం గీయాలి, దాన్ని వీడియోగా కుదించి పంపాలి, మన తెర దాన్ని విప్పి చూపించాలి. రేడియో వినడానికీ ఫోన్లో మాట్లాడటానికీ ఎంత తేడా ఉందో ఈ రెంటికీ అంత తేడా ఉంది.

సెకనుకు 60 ఫ్రేములతో నడిచే ఆటలో ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. సర్వర్‌కు కేబుల్ దారి 1,000 కిలోమీటర్లు ఉందనుకుంటే, రానూపోనూ ప్రయాణానికే 10 మిల్లీసెకన్లు ఖర్చు. దారిలోని రూటర్లు, వీడియో కుదింపు, మన ఇంటి వైఫై దానిపైన ఇంకొంత కలుపుతాయి. చదరంగానికో, తీరిగ్గా సాగే కథల ఆటకో ఈ ఆలస్యం అడ్డే కాదు. టెక్కెన్, స్ట్రీట్ ఫైటర్ లాంటి పోరాటపు ఆటల్లో దెబ్బ కాచుకోవడం ఫ్రేముల లెక్కన జరుగుతుంది. అక్కడ ఇదే గెలుపోటములను తేలుస్తుంది.

పెద్ద ఇంటర్నెట్ ప్లాన్ వేయించుకుంటే ఈ ఆలస్యం (ల్యాగ్) పోతుందనే మాటా నిజం కాదు. ఎంబీపీఎస్ పెరిగితే ఒకేసారి ఎక్కువ డేటా వస్తుందే తప్ప సర్వర్ దగ్గరకు జరగదు. 100 నుంచి 300 ఎంబీపీఎస్‌కు మారినా పింగ్ (సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం) అంతే ఉండవచ్చు. డేటా ఖర్చు మరో సంగతి. 20 ఎంబీపీఎస్ చొప్పున వచ్చే వీడియో గంటకు 9 జీబీ తింటుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్ ఆ లెక్కన పావుగంట కూడా రాదు.

అపోహ: క్లౌడ్ వస్తే యంత్రమే అక్కర్లేదు.

యంత్రం పోలేదు, చోటు మారింది. మైక్రోసాఫ్ట్ 2020లో క్లౌడ్ గేమింగ్, అంటే ఆటల స్ట్రీమింగ్, మొదలుపెట్టినప్పుడు తన డేటా సెంటర్లలో పెట్టింది ఎక్స్‌బాక్స్ హార్డ్‌వేర్‌నే. తర్వాత వాటి స్థానంలోకి సిరీస్ ఎక్స్ హార్డ్‌వేర్ తెచ్చింది. ఒక సినిమా ఫైలును లక్షమందికి పంచవచ్చు. ఆటలో అలా కుదరదు, ఆడే ప్రతి మనిషికీ విడిగా గ్రాఫిక్స్ చిప్పు శక్తి కేటాయించాలి. రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య అందరూ ఒకేసారి వస్తే అన్ని యంత్రాలూ సిద్ధంగా ఉండాలి, లేకపోతే క్యూ తప్పదు. ఆ యంత్రాల ఖరీదు, కరెంటు, మరమ్మతు చివరికి చందాలోకే వచ్చి చేరతాయి. చందా ఎప్పుడూ చౌకే అనుకునేవారు ఒకటి గమనించాలి. అమెరికాలో ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ అల్టిమేట్ నెల ధర 2025 అక్టోబరులో 19.99 డాలర్ల నుంచి ఒక్కసారిగా 29.99కి పెరిగింది. ఆ ప్లాన్లో క్లౌడ్‌తో పాటు కొత్త ఆటలూ ఉన్నాయి కాబట్టి పెంపంతా క్లౌడ్ వల్లేనని అనలేం. కానీ ఆ ధర నిర్ణయించడంలో ఆడేవాడికి ఏ పాత్రా లేదు.

అపోహ: స్టేడియా మూతపడింది, స్ట్రీమింగ్ పని అయిపోయింది.

ఇది కన్సోల్ అభిమానులు ఇష్టపడే అపోహ, ఇదీ తప్పే. 2010లో వచ్చిన ఆన్‌లైవ్ 2015లో ఆగిపోయింది. 2019 నవంబరులో గూగుల్ తెచ్చిన స్టేడియా 2023 జనవరి 18న మూతపడింది. నాకు అర్థమైనంతవరకు స్టేడియాను దెబ్బతీసింది సాంకేతికత కాదు. ఆటల జాబితా చిన్నది. పూర్తి ధర పెట్టి కొన్న ఆట కూడా స్టేడియాలో తప్ప మరెక్కడా నడిచేది కాదు. దీనికి భిన్నంగా ఎన్విడియా వారి జీఫోర్స్ నౌ, స్టీమ్ లాంటి దుకాణాల్లో మనం ఇదివరకే కొన్న ఆటల్లో చాలావాటిని ఆడనిస్తుంది, అది నిలబడింది. సోనీ 2023లో తెచ్చిన ప్లేస్టేషన్ పోర్టల్ మొదట ఇంట్లో ఉన్న పీఎస్ 5కు అనుబంధం మాత్రమే, తర్వాత క్లౌడ్ నుంచీ ఆడించడం మొదలుపెట్టింది. ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ 2025 నవంబరులో భారత్‌కు వచ్చింది. స్ట్రీమింగ్ పెరుగుతోంది, అయితే ఎక్కువగా కన్సోల్ కంపెనీల చేతుల్లోనే, కన్సోల్‌కు తోడుగా పెరుగుతోంది.

అపోహ: డిస్క్ చేతిలో ఉంటే ఆట మనదే.

స్టేడియా మూసినప్పుడు గూగుల్ ఆటల డబ్బు తిరిగి ఇచ్చింది, అది మెచ్చుకోదగ్గ పని. అయినా చాలామంది ఏళ్ల తరబడి ఆడి సాధించుకున్న పురోగతి పోయింది. డిస్క్ ఉన్నవాళ్లూ పూర్తి సురక్షితం కాదు. యూబీసాఫ్ట్ వారి కార్ల ఆట ది క్రూ 2014లో డిస్క్ మీద కూడా వచ్చింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశాక ఆ డిస్కులు ఎందుకూ పనికిరాలేదు. కొన్నవారి కోపంలోంచి స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టింది, యూరప్‌లో దాని వినతికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. వాళ్ల కోపం న్యాయమైనది. ధర చెల్లించిన వస్తువును అమ్మినవాడే తర్వాత పనికిరాకుండా చేయడాన్ని ఏ ఇతర సరుకు విషయంలోనూ మనం ఒప్పుకోం.

స్ట్రీమింగ్ ఇప్పట్లో కన్సోల్‌ను తీసేయదు. అప్పుడప్పుడు ఆడేవారికి, ఒక ఆట రుచి చూసి వదిలేసేవారికి, యంత్రానికి ఒకేసారి అంత డబ్బు పెట్టలేనివారికి అది మంచి దారే. వేలు పోసి కన్సోల్ కొనే ముందు ఒక్క నెల చందా కట్టి, రాత్రి రద్దీ వేళ, మీ ఇంటి వైఫై మీదే, మీ పిల్లలు ఇష్టపడే ఆటనే ఆడించి చూడండి. ల్యాగ్ ఇబ్బంది పెట్టకపోతే కన్సోల్ ఖర్చు వాయిదా వేసుకోవచ్చు. పదేళ్ల తర్వాత కూడా ఆడాలనిపించే ఆట అయితే మాత్రం, నెట్ లేకుండా నడుస్తుందో లేదో కనుక్కున్నాకే కొనండి.