సారపప్పు తెలుసు, మొర్రిపండు తెలుసా?

సేమ్యా పాయసంలోకి జీడిపప్పు, కిస్‌మిస్‌లతోబాటు కాస్త సారపప్పు కూడా నేతిలో వేయించి వేస్తాం. హైదరాబాదు ఇళ్ళల్లో దీన్నే చిరోంజీ అంటారు. నూరి కూరలో కలిపితే రసం చిక్కబడి కమ్మదనం వస్తుంది. దుకాణంలో ధర అడిగితే మాత్రం గుండె గుభేలుమంటుంది! ఇంత చిన్న పప్పుకి అంత ధర ఎందుకా అనుకుంటాం. ఆ పప్పు చుట్టూ కమ్మని పండు ఒకటి ఉంటుందని మనలో ఎందరికి తెలుసు? అదే మొర్రిపండు.

2016లో జిల్లాలు విడిపోకముందు గట్టు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోవే. గట్టు వైపు రాళ్ళగుట్టల మీద సీతాఫలం, రేగు, పరికి దొరుకుతాయి. మొర్రి కావాలంటే తూర్పుగా నల్లమలకు పోవాలి. శ్రీశైలం వెళ్ళే బస్సు మన్ననూరు దాటి అడవిలో పడుతుంది చూడండి, అమ్రాబాదు పీఠభూమి, అదే మొర్రిచెట్టు ఉండే చోటు. సీతాఫలం గట్టి కాయగా కోసినా ఇంటికొచ్చి పండుతుంది గనుక పట్నం బజారు కెక్కింది. మొర్రిపండు అడవిలోనే ఉండిపోయింది. ఎందుకో దాని రూపం చూస్తే మీకే తెలుస్తుంది.

మొర్రి మామిడికి, జీడిమామిడికి చుట్టమే, ఒకే కుటుంబం. బెరడు నల్లగా, మొసలి తోలులా చదరాలు చదరాలుగా పగిలి ఉంటుంది. సంక్రాంతి వెళ్ళాక మామిడిపూతలాగే కొమ్మల చివర తెల్లని చిన్న పూత గుత్తులుగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పండ్లు పండుతాయి. పండు అడ్డం సుమారు ఒక సెంటీమీటరు, అంటే పెద్ద శనగగింజ కన్నా కాస్త పెద్దది. పూర్తిగా గుండ్రం కాదు, కొంచెం నొక్కినట్టుంటుంది. బరువు ఒక గ్రాము అటూ ఇటూ. వెయ్యి పండ్లు కోస్తే కిలో అన్నమాట! పచ్చిగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, తర్వాత ఎరుపు కలిసిన ఊదా, బాగా పండాక నలుపు. తొక్క పలుచన, ముట్టుకుంటే నలుగుతుంది. గుజ్జు కొంచెమే అయినా తీపీ పులుపూ కలిసి నోరూరిస్తుంది. లోపలంతా గింజే. ఇంత నాజూకు పండు గంపలో రెండు రోజులు కూడా నిలవలేదు. ఇక పట్నం దాకా ఎలా వస్తుంది?

ఇప్పుడు గింజ సంగతి. పైపెంకు రాయిలాంటిది. కాని దానికి చుట్టూ ఒక అతుకు ఉంటుంది. సరిగ్గా దెబ్బ పడితే రెండు చిప్పలుగా విడిపోయి పప్పు చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. పండ్లు నానబెట్టి, చేత్తో పిసికి గుజ్జు కడిగేసి, గింజలు ఎండబెట్టి, విసుర్రాయిలో పగలగొట్టి, చెరిగి, ఏరాలి. నాలుగైదు కిలోల గింజలు పగలగొడితే గాని కిలో పప్పు రాదు. మన పాయసంలో పడే గుప్పెడు పప్పు వెనుక ఇంత చాకిరీ ఉంది. నల్లమలలో ఈ పని చేసేవాళ్ళలో చెంచు ఆడవాళ్ళు ముఖ్యులు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పప్పుకు గిరాకీ పెరిగేకొద్దీ పండు నల్లబడేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండటం లేదు. అడవిలో చెట్టు ఎవరి సొంతమూ కాదు కదా! నేను ఆగితే ఇంకొకరు కోసుకుపోతారన్న భయం. అందుకని పచ్చికాయలే దులిపేస్తారు, ఒక్కోసారి కొమ్మలే నరికేస్తారు. పచ్చికాయలో పప్పు నిండదు, ముడుచుకుపోతుంది. పండు తినేవారికీ దక్కదు, పప్పుకూ ధర రాదు. అంతకన్నా పెద్ద నష్టం, పండి రాలిన గింజే లేకపోతే కొత్త మొక్క ఎక్కడిది? ఆ గట్టి పెంకు వల్ల మొలక రావడమే కష్టం. పైగా ఎలుగుబంట్లు, పక్షులు పండు తిని గింజను అడవంతా చల్లేవి. ఆ దారీ మూసుకుపోతుంది.

అడవి సరుకు దళారుల పాలు కాకుండా కొనేందుకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇలాంటి సరుకుపై అడవిబిడ్డలకు హక్కునిచ్చింది. 2013-14లో కేంద్రం అటవీ సరుకులకు మద్దతు ధర పథకం పెట్టినప్పుడు తొలి జాబితాలోనే సారగింజ ఉంది. మంచిదే. అయితే కొనే మనకూ కొంత బాధ్యత ఉంది.

సారపప్పు కొనేటప్పుడు అరచేతిలో పోసి చూడండి. గింజ నిండుగా, లేత గోధుమరంగులో, ఒకే తీరుగా ఉండాలి. ముడుతలు పడ్డవీ, పీలగా ఉన్నవీ ఎక్కువైతే పచ్చికాయ పప్పని గ్రహించి వద్దనండి. మనం వద్దంటే దుకాణదారు అడుగుతాడు, ఆ మాట మెల్లగా అడవిదాకా పోతుంది. ఒక పలుకు కొరికి చూడండి, బాదంలా కమ్మగా ఉండాలి. పప్పులో దాదాపు సగం నూనే గనుక త్వరగా ముక్కిపోతుంది. అందుకే కొంచెం కొంచెంగా కొని, బిగుతు మూత సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఎండాకాలంలో అడవిదారిన వెళుతుంటే ఆకుదొప్పల్లో నల్లని చిన్న పండ్లు అమ్మేవాళ్ళు కనబడితే బేరమాడకుండా కొనండి. కడిగి పిల్లలకు పెట్టండి. గుజ్జు చప్పరించాక గింజను పళ్ళతో కొరకవద్దని మాత్రం చెప్పండి. పండిన పండుకు కూడా డబ్బొస్తుందని తెలిస్తే, కోసే చేయి పండేదాకా ఆగుతుంది.