రిమోట్ చెబుతుంది, వినదు

హోమ్ థియేటర్ ఉన్న ఇళ్లలో తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. అన్నిటినీ ఒకేసారి ఆన్ చేసే యూనివర్సల్ రిమోట్ నొక్కితే టీవీ వెలుగుతుంది, స్పీకర్లను నడిపే రిసీవర్ మాత్రం ఉలకదు. మళ్లీ నొక్కితే రిసీవర్ లేస్తుంది, టీవీ ఆరిపోతుంది. రెండింటిలోనూ లోపం లేదు.

రిమోట్ కొసన ఉన్న చిన్న ఎల్‌ఈడీ నుంచి వచ్చేది పరారుణ కాంతి. తరంగదైర్ఘ్యం సుమారు 940 నానోమీటర్లు, కంటికి ఆనదు. సెల్ఫీ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కి చూడండి, చాలా ఫోన్లలో లేత ఊదారంగు మిణుకు కనిపిస్తుంది. ఎండలోనూ పరారుణం ఉంటుంది కదా! అందుకే రిమోట్ తన కాంతిని సాధారణంగా సెకనుకు సుమారు 38 వేల సార్ల చొప్పున మినుకుమినుకుమనిపిస్తుంది. ఆ లయలో వచ్చినదాన్నే పరికరం పట్టించుకుంటుంది.

ఆజ్ఞలు పంపడానికి ఎక్కువగా వాడే ఎన్‌ఈసీ పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల మెరుపు, 4.5 మిల్లీసెకన్ల విరామం, ఆపైన 32 బిట్లు. మెరుపుల మధ్య ఎడం తక్కువైతే సున్నా, ఎక్కువైతే ఒకటి. మొదటి 8 బిట్లు ఏ పరికరానికో చెబుతాయి, తర్వాతి 8 అదే సంఖ్యను తిరగేసి చెబుతాయి. నొక్కిన బటన్ సంఖ్యనూ అలాగే రెండుసార్లు పంపుతుంది. పొంతన కుదరకపోతే పరికరం ఆ ఆజ్ఞను పక్కన పడేస్తుంది. ఇంత పొందికైన ఏర్పాటు 70 మిల్లీసెకన్లలోపే ముగియడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

అయితే ఇదంతా ఒకవైపు మాటే. ఆజ్ఞ అందిందో లేదో రిమోట్‌కు తెలియదు. పైగా చాలా రిమోట్లలో ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకటే కోడ్. నొక్కే వేళకు ఎవరైనా అడ్డొచ్చి రిసీవర్‌కు కోడ్ అందకపోతే, అక్కడి నుంచి టీవీ, రిసీవర్ ఎడముఖం పెడముఖమే. కొన్ని రిసీవర్లు ఆన్‌కు వేరుగా, ఆఫ్‌కు వేరుగా ఉన్న కోడ్‌లనూ అర్థం చేసుకుంటాయి. వాటిని యూనివర్సల్ రిమోట్‌లో పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇంకో దారి టీవీని రిసీవర్‌కు కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే ఉంది. అందులో 13వ పిన్ను పరికరాలు పరస్పరం మాట్లాడుకోవడానికి. దీన్ని సీఈసీ అంటారు. ఇక్కడ టీవీ చిరునామా 0, ఆడియో రిసీవర్‌ది 5. టీవీ రిమోట్‌లో వాల్యూమ్ నొక్కితే టీవీ ఆ మాటను తీగ మీద రిసీవర్‌కు చేరవేస్తుంది, అందినట్టు జవాబూ వస్తుంది. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, సోనీలో బ్రావియా సింక్, ఎల్‌జీలో సింప్‌లింక్ అని కనిపించేది ఇదే. టీవీ సెట్టింగుల్లోనూ రిసీవర్‌లోనూ రెండుచోట్లా ఆన్ చేయాలి. టీవీ సొంత యాప్‌ల శబ్దం కూడా ఆ కేబుల్‌లోనే స్పీకర్లకు వెళ్లాలంటే, ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే గుచ్చాలి.